వెచ్చగా జరిగిన విచారణ

చేపల కోల్డ్ స్టోరేజీలో మొండక్కని పనిలోంచి తీసెయ్యాలని పెద్దలు ముందే అనుకున్నారు. ఇక విచారణ ఒక్కటే తక్కువ. ఎవరికీ తల వంచదని ఆమెకి ఆ పేరు. నేరమేమిటంటే, ప్లాస్టిక్ క్రేట్లు విసిరికొట్టి పగలగొడుతోందట. గడ్డకట్టే లోపలి గదిలో అందరికంటే ఎక్కువసేపు పనిచేసేది ఆమే. అందుకే ఆమె చేతిలో ఎక్కువ పగిలాయి. ఆ ముక్క ఏ పెద్ద బుర్రకీ తట్టలేదు.

విచారణ మేనేజరు గదిలో పెట్టారు. అక్కడ హీటరుంది, టీ ఉంది, మఫ్లరు కూడా ఉన్నాడు. ఎండాకాలంలోనూ మెడకి మఫ్లరు చుట్టుకునే సూపర్‌వైజరుకి ఆడవాళ్లు పెట్టిన పేరది. చలిగది తలుపు చూస్తేనే ఆయనకి తుమ్ములొస్తాయి.

సాక్ష్యానికని లోపల్నించి ఒక క్రేటు తెప్పించి హీటరు పక్కన పెట్టారు. టీలు తాగారు, కబుర్లు చెప్పుకున్నారు. అప్పుడు మఫ్లరు కుర్చీ ఎక్కి క్రేటుని కింద పడేశాడు. అది రబ్బరు చెప్పులా వంగి, లేచి కూర్చుంది.

"చూశారా సార్, పడితే పగలదు. ఈవిడ ఒళ్లు కొవ్వెక్కి కొట్టింది."

"నా ఒంట్లో కొవ్వుంటే లోపల చలెందుకేస్తుంది బాబూ? ఆ పడేసేదేదో లోపలికొచ్చి పడెయ్యి."

"లోపలైతే ఏంటమ్మా తేడా? క్రేటు క్రేటేగా" అన్నాడు మేనేజరు.

"మీరూ మీరేగా సార్. లోపల కాసేపు నిలబడండి, నడుం వంగుతుందేమో చూద్దాం. చలి మనుషులకేనా, దానికుండదా?"

తలుపు దగ్గర చెవులొగ్గిన ఆడవాళ్లు పకపకా నవ్వారు. పరువు పోతుందని మేనేజరు లేచాడు. ఆయనకి కోటు లేదు. మొండక్క తనది ఇచ్చింది. దాని చంకలోంచి దూది బయటికొస్తోంది.

లోపల మేనేజరు పళ్లు టకటకలాడిస్తూ అరలోంచి ఒక క్రేటు తీసి, నడుమెత్తు నుంచి వదిలాడు. టప్పున ముక్కలైంది.

వెనకాలే లోపలికొచ్చిన మఫ్లరు తుమ్మాడు. "పాత క్రేటు సార్. మీ చేతిలో తప్పేం లేదు."

"మరి నా చేతిలో ఉందా?" అంది మొండక్క.

"పద, బయటికెళ్లి మాట్లాడుకుందాం" అన్నాడు మేనేజరు.

"బయట వెచ్చగా ఉంటుంది సార్. మళ్లీ తప్పు నాదే అవుతుంది. ఇక్కడే తేల్చండి." వీపు తలుపుకి ఆనించింది. కోటు ఆయన ఒంటి మీదుంది. ఆమె ఒంటి మీద ఉత్త చీర.

"సరే, పన్లో ఉండు."

"నేనుంటాను. ఈ పెళుసు క్రేట్లూ ఉంటాయి. రేపు ఇంకో ఆడదాన్ని తీసేస్తారు."

ప్లాస్టిక్ చలికి బిగుస్తుంది గానీ, మేనేజర్లు మెత్తబడతారు. ఆయన ఫోను తీసి, వంకర్లుపోతున్న వేళ్లతో నొక్కి, చలికి పగలని క్రేట్లు కావాలన్నాడు. ఎప్పటికని అవతలివాడు అడిగాడు కాబోలు.

"ఇప్పుడే" అన్నాడు.