లేని తల్లి

నాయకుడి ఉపన్యాసాలన్నీ ఏళ్ల తరబడి టీచరమ్మే రాసేది. బడి ఉద్యోగం మానేసినా ఆ పేరు మాత్రం ఆమెను వదల్లేదు. ఈమధ్య, పడవల్లో శరణు కోరి వచ్చినవాళ్లను వెళ్లగొట్టవద్దంటూ ఆయన మాట్లాడిన సభలో జనం వెక్కివెక్కి ఏడ్చారు. ఆయన చెప్పింది నడిసముద్రంలో బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి కథ. ఈసారి రాసింది టీచరమ్మ కాదు, కొత్తగా చేరిన అమ్మాయి.

"ఇన్నాళ్లకి నా నోటికి తగ్గ మాట దొరికింది" అన్నాడు నాయకుడు, టీచరమ్మ ఎదుటే. ఆమెకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది.

వారం తిరక్కుండా ఆ తల్లే నాయకుడి ఆఫీసుకు వచ్చింది. ఇస్త్రీ దుకాణంలో పని ఆమెకు.

"ఆ పిల్లతో నా గోడు చెప్పుకున్నాను. మైకులో చెప్పమన్నానా?"

టీచరమ్మ నెత్తిన పాలు పోసినట్టయింది. దగ్గరుండి ఆమెను నాయకుడి గదిలోకి తీసుకెళ్లి, కొత్తమ్మాయిని పిలిపించింది.

కొత్తమ్మాయి సాకులు వెతకలేదు. "తప్పు నాదే అక్కా. నిన్ను అడగాల్సింది. ఇక ఎక్కడా చెప్పం."

ఇస్త్రీ ఆమె దగ్గరికి వచ్చి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "సర్లే, ఏడవకు" అంది. టీచరమ్మ అది కూడా ఓర్వలేకపోయింది.

ఇస్త్రీ ఆమె మెట్లు దిగి వెళ్లిపోయాక నాయకుడు గొణిగాడు. "మరి రేపటి సభలో ఏం చెప్పను?"

"నేను రాస్తాను. లేని తల్లిని పుట్టిస్తే వచ్చి నిలదీసేవాళ్లుండరు" అంది టీచరమ్మ.

ఆమెను సాగనంపి వస్తున్న కొత్తమ్మాయి గుమ్మం దగ్గర ఆగింది. "వద్దండీ. అబద్ధమని తెలిస్తే రేపు నిజంగా ఏడ్చేవాళ్లనీ నమ్మరు."

"నీకు కుళ్లు" అనేసింది టీచరమ్మ.

మర్నాడు సభలో టీచరమ్మ పుట్టించిన తల్లి కథకు జనం అంతకు రెట్టింపు ఏడ్చారు. కొత్తమ్మాయి ముఖం మాడిందేమో చూద్దామని టీచరమ్మ వెనక వరుసల్లోకి వెళ్లింది. ఆ పిల్ల పక్కనే ఇస్త్రీ ఆమె, కొంగు నోట్లో కుక్కుకుని.

"ఆ తల్లి ఎక్కడుంటుందమ్మా? ఒకసారి పలకరించి వస్తాను. ఆ బాధ నాకు తెలుసు."

టీచరమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. "ఆమె... ఊరు మారిపోయింది."

"అయ్యో, ఒక్కతే ఎలా ఉందో!"

కొత్తమ్మాయి టీచరమ్మ వంక ఒక్కసారి చూసి, "పద అక్కా, దారిలో నీకన్నీ చెప్తాను" అంది.

వేదిక మీద నుంచి నాయకుడు రమ్మని చెయ్యూపాడు. టీచరమ్మ వెళ్లి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. చప్పట్లు మోగుతున్నాయి. ఆమె చూపు మాత్రం చెయ్యీ చెయ్యీ పట్టుకుని వీధి మలుపు తిరుగుతున్న ఆ ఇద్దరి మీదే ఉంది.