శేఫాలికి ఉద్యోగం

మా బాలాంబ రచనల మీద ఈమధ్య ఒకాయన పెద్ద వ్యాసం రాశాడు. కథ నడుస్తుండగా మధ్యలో తెంచి, వినేవాళ్ల గొంతు చొప్పించడం ఆవిడ కనిపెట్టిన కొత్త శిల్పమట. ఆ గొంతు చిట్టెమ్మది. ఎవరో చొప్పిస్తే వచ్చే మనిషి కాదు ఆవిడ. పిలవకుండానే వచ్చేది, వస్తూ చేటలో బియ్యం కూడా తెచ్చుకునేది.

ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్లు పక్కపక్కనే ఉండేవి. బాలాంబ పుట్టింది అక్కడే, చదివింది ఆ ఊళ్లోనే ఇందా అనే పేటలో, బెంగాలీ బడిలో. ఇంట్లో తెలుగు, బడిలో బెంగాలీ. దెబ్బలు మాత్రం రెండు భాషల్లోనూ తిన్నానని చెప్పేది. పార్సిల్ ఆఫీసులో గుమస్తా అయిన గోపాలంగారిని పెళ్లాడి, పదేళ్లుగా బెంగాలీ నవలలు తెలుగు చేసి మద్రాసు వారపత్రికకి పంపేది. మూలరచయిత పేరు శీర్షిక కింద పెద్దక్షరాల్లో వేసేవారు. బాలాంబ పేరు చివరి పేజీలో, తలనూనె ప్రకటనకి పైన, చీమ తలకాయంత. ప్రకటన పెద్దదైన వారం అదీ ఉండేది కాదు.

నేను విశాఖపట్నంలో బి.ఏ. చదివి, పెళ్లయి వచ్చి, ఆ చదువుని ఊరగాయ జాడీల సరసన పెట్టినదాన్ని. చేతిరాత బాగుంటుందని బాలాంబ నన్ను లేఖకురాలిగా నియమించుకుంది. జీతం ఒక గ్లాసు టీ. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్ల వరండాలో కూర్చునేవాళ్లం. ఆవిడ బెంగాలీలో చదువుకుని తెలుగులో చెప్పేది, నేను రాసేదాన్ని. వర్క్‌షాపు సాయంత్రం సైరన్ కూసేలోగా ఎంతయితే అంత.

వినడానికి ఇద్దరు తప్పకుండా వచ్చేవారు. ఒకరు చిట్టెమ్మ, ఫిట్టర్ నూకయ్య భార్య. రెండోవారు అప్పలకొండ. ఆవిడ భర్త వర్క్‌షాపులో ప్రమాదంలో పోతే, స్టేషన్ వెయిటింగ్ రూములో ఆయా ఉద్యోగం ఆవిడకిచ్చారు. డ్యూటీ దిగి నీలంరంగు అంచు చీరలోనే వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చునేది. కళ్లు మూసుకునే వినేది కాబట్టి నిద్రపోతోందని మేం పొరబడేవాళ్లం.

ఆ ఏడు బాలాంబ పట్టుకున్నది నిశాకర్ భాదుడీ గారి నవల. అందులో శేఫాలి అనే ఇల్లాలు. భర్త స్టీమర్ కంపెనీలో గుమస్తా, పడవ మునిగి పోతాడు. తర్వాత మరిది నానా మాటలూ అంటాడు, ఆవిడ తల వంచుకుంటుంది, పస్తులుంటుంది, దగ్గుతుంది, పుస్తకం చివర గంగ ఒడ్డున వెన్నెల్లో పోతుంది. ఆ వెన్నెల పదకొండు పేజీలు.

మరిది మొదటిసారి నోరు చేసుకున్న చోట చిట్టెమ్మ చేట పక్కన పెట్టింది.

“అంత మాటంటే ఊరుకుందా, బాలాంబమ్మా?”

“పుస్తకంలో ఊరుకుంది చిట్టెమ్మా.”

“పుస్తకంలో ఊరుకుంటే ఊరుకుంది. మనింట్లో ఎందుకూరుకోవాల?”

బాలాంబ నా వంక చూసింది. నేను కలం ఎత్తి పట్టుకున్నాను. శేఫాలి చేత ఒక్క వాక్యం అనిపించి, “రాయి వదినా” అంది. చిన్న వాక్యమే. కానీ మరిదికి అన్నం సహించని వాక్యం. రాస్తూ నేను దానికి ఒక విశేషణం తగిలించాను. బాలాంబ చూసి కొట్టెయ్యలేదు.

అసలు పొరపాటు అంతకుముందే జరిగిపోయింది. స్టీమర్ కంపెనీ అంటే మనవాళ్లకేం తెలుస్తుందని బాలాంబ భర్తని రైల్వే గార్డుగా మార్చింది. వేరే ఊళ్లో అయితే చెల్లిపోయేది. మా ఊళ్లో గార్డు డ్యూటీలో పోతే కథ అయిపోదు, కాగితాలు మొదలవుతాయి. శేఫాలి పస్తులుండే అధ్యాయం వచ్చేసరికి అప్పలకొండ కళ్లు తెరిచింది.

“పస్తులేటి? డూటీలో పోనాడు కదా. పెళ్లానికి ఉజ్జోగమివ్వరా?”

ఈ విషయంలో ఆవిడతో వాదించే అర్హత మాకెవరికీ లేదు. బాలాంబ రెండు రోజులు ఆలోచించి శేఫాలిని స్టేషన్‌లో ఆయాగా వేసింది. ఇక అక్కణ్ణుంచి నవల మా చేతుల్లో లేదు. శేఫాలికి క్వార్టరు వచ్చింది. మరిదే వచ్చి వరండాలో చోటడిగాడు. దగ్గు రైల్వే ఆస్పత్రిలో కుదిరింది. పూరీ యాత్రకి రైలు పాసు మొదటి తరగతిది ఇప్పించమని చిట్టెమ్మ పట్టుబట్టింది గానీ, ఆయాకి అది రాదని అప్పలకొండ ఒప్పుకోలేదు. ఆ తగాదా కూడా బాలాంబ అలాగే చెబుతూ పోయింది, నేను రాస్తూ పోయాను, పత్రికవాళ్లు వేస్తూ పోయారు. పదకొండు పేజీల వెన్నెల మాత్రం వృథా చెయ్యలేదు. రాత్రి డ్యూటీలో ప్లాట్‌ఫాం మీద కురిపించాం.

పాఠకులకి పిచ్చిగా నచ్చింది. బెజవాడ ప్రచురణకర్త పుస్తకంగా వేస్తానని రాశాడు. అట్ట మీద అనువాదకురాలి పేరు కూడా వేస్తానన్నాడు. మూలరచయిత అనుమతి సంతకం ఒక్కటే కావాలన్నాడు. పదేళ్లలో మొదటిసారి, అట్ట మీద. బాలాంబ ఆ మాట నాకు మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ పెద్ద విశేషం కాదన్నట్టే చెప్పింది.

అదృష్టమో మరోటో, ఆ శీతాకాలం నిశాకర్ బాబు ఇందాలో బెంగాలీ సాహిత్య సభకి వచ్చాడు. బాలాంబ పథకం తేలిక. ఆయనకి తెలుగు రాదు. నమస్కారం పెట్టి, సందేశ్ మిఠాయి పెట్టె ఇచ్చి, ఆయన నములుతుండగా సంతకం తీసుకుని వచ్చెయ్యాలి. నన్నొక్కదాన్నే తోడు రమ్మంది. నేను వెళ్లాను. సభలో దీపాలు బాగుంటాయని చిట్టెమ్మనీ అప్పలకొండనీ కూడా తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాను. బాలాంబ వాళ్లని చూసి, తర్వాత నన్ను చూసింది. ఆ చూపు అనువదించను.

నిశాకర్ బాబు తెల్లటి శాలువాలో సన్నగా, మర్యాదగా ఉన్నాడు. సభ అయ్యాక బాలాంబని ఎంతో ఆదరంగా పలకరించాడు. కలం తీశాడు. తీసి ఆగాడు. శేఫాలి మరణం రాసినప్పుడు తాను రెండు రోజులు అన్నం తినలేదని, తెలుగువాళ్లు ఆ ఘట్టాన్ని ఎలా తీసుకున్నారో తెలుసుకోవాలని ఉందని బెంగాలీలో అడిగాడు.

బాలాంబకి రెండు భాషలూ ఒకేసారి పోయాయి.

సంతల్లో చేపలు బేరమాడి నేర్చిన బెంగాలీ చిట్టెమ్మది. “మొరేనీ, దాదా,” అంది చల్లగా. “చాక్రీ పేయేఛే.”

చచ్చిపోలేదు, ఉద్యోగం దొరికింది అని. చుట్టూ ఉన్న బెంగాలీ పెద్దమనుషులు కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు.

నిశాకర్ బాబు కలం మూత పెట్టి, చదవమన్నాడు. బాలాంబ గత్యంతరం లేక చివరి అధ్యాయం తెలుగులో ఒక వాక్యం, బెంగాలీలో ఒక వాక్యంగా చదివింది. మొదట్లో ఏ వాక్యం ఏ భాషలోదో తారుమారు చేసింది. పాసు తగాదా దగ్గరికి వచ్చేసరికి వెనక వరసలో ఎవరో నవ్వారు, ఆవిడ కుదుటపడింది. ఆయన మాత్రం నవ్వలేదు. శేఫాలికి మరో దారి లేదు, అందుకే పోయింది, అన్నాడు. అప్పుడు అప్పలకొండ లేచి నిలబడింది. డ్యూటీ చీరలోనే ఉంది.

“ఆమి తో ఆఛి, దాదా,” అంది. నేనున్నాను కదా అని.

ఆయన ఆవిడ చీర నీలం అంచు చూశాడు. ఉద్యోగం ఎలా ఉంటుందని అడిగాడు. రాత్రి డ్యూటీ కష్టమని, దొంగలకంటే ఫస్ట్ క్లాసు అమ్మలతోనే ఎక్కువ బాధని ఆవిడ చెప్పింది. ఆయన బాలాంబ వైపు తిరిగి, తన పుస్తకంలో శేఫాలి కనీసం ప్రశాంతంగా పోయిందని, మీరు పాపం ఆవిడ చేత రిటైరయ్యేదాకా గదులు ఊడ్పించేటట్టున్నారని అన్నాడు. అని, మర్యాద తగ్గకుండానే, సంతకం పెట్టనన్నాడు. భర్త పోయేదాకా తన నవలేనట. అక్కణ్ణుంచి ఒక్క ముక్క కూడా తనది కాదట. దాని మీద తన పేరు ఉండటానికి వీల్లేదట.

అందరూ అయ్యో అన్నారు. నేనూ అన్నాను. దీపాలు చూపిస్తానన్న పాపం నాదే కదా. బాలాంబ ఒక్కతే ఆ మాటల్ని లోపల ఇంకోసారి తెలుగు చేసుకున్నట్టుంది. కాగితం ఆయన ముందుకే జరిపింది.

“అదే రాసివ్వండి,” అంది బెంగాలీలో.

“ఏమని?”

“ఇంతవరకు మీదని. అక్కణ్ణుంచి మీది కాదని.”

ఆయన కలం మూత తీశాడు, మళ్లీ పెట్టాడు, మళ్లీ తీశాడు. అప్పుడు నవ్వాడు. రాసిచ్చాడు. మిఠాయి కూడా తిన్నాడు.

పుస్తకం వచ్చింది. అట్ట మీద రెండు పేర్లు, ఒకే సైజులో. లోపల గార్డు పోయిన చోట ఒక తెల్ల కాగితం, దాని మీద ‘ఇక్కణ్ణుంచి బాలాంబ’ అని మాత్రమే. దీన్నే తర్వాత ప్రయోగం అన్నారు. మరుసటేడు కలకత్తా నుంచి ఒక చిన్న పత్రికవాళ్లు ఆ రెండో సగాన్ని బెంగాలీలో రాసిమ్మని అడిగారు. వాళ్లకి చెప్పింది నిశాకర్ బాబే. అలా మా బాలాంబ రెండు భాషల రచయిత్రి అయింది. నా విశేషణం బెంగాలీలోకి కూడా వెళ్లిందని విన్నాను.

తెలుగు పుస్తకం అందిన మధ్యాహ్నం బాలాంబ మొదటి పేజీ నుంచి చదివి వినిపించింది. గార్డు పోయే అధ్యాయం పూర్తయ్యేసరికి సైరన్ కూసింది. ఎవరూ లేవలేదు. వర్క్‌షాపు నుంచి ఇంటికెళ్లి తాళం చూసి, తాళంచెవి కోసం నూకయ్య వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు.

“ఎలా ఉంది చిట్టెమ్మా?” అంది బాలాంబ.

చిట్టెమ్మ బియ్యంలో రాయి ఏరి పారేసింది.

“ఎవులేటన్నా గానీ, మొగుడు పోయే ముక్క మాత్రం ఆ బాబే బాగా రాసినాడు. ఆడు పోకపోతే ఈవిడికి ఉజ్జోగమెలా వస్తాది?”

నూకయ్య తాళంచెవి అడగలేదు. పక్కింటి గోడ మీద కూర్చుని, చాలాసేపు బీడీ వెలిగించకుండా పట్టుకున్నాడు.