పుస్తకంలో ఎక్కించవద్దన్న సంగతి

1944 ఫిబ్రవరి ఆరో తేదీ, ఆదివారం. ఎలీయాజరుకి ఆ రోజుతో తొమ్మిదేళ్ళు నిండాయి. ముదినేపల్లి నుంచి మేనమామ కొల్లేటి కొర్రమీనుని నీళ్ళకుండలో ప్రాణంతోనే తెచ్చాడు. చర్చి విడిచాక అమ్మ పులుసు పెట్టింది. నాన్న దేవదానంగారు గూడెం టౌను పక్కన వాళ్ళుండే పల్లెకి బడిపంతులు, ఆదివారం చర్చిలో వాక్యం చెప్పేదీ ఆయనే. రెండు ముద్దలు తిని, కడుపులో బాగాలేదని చెయ్యి కడిగేసుకున్నారు. ఆయన పళ్ళెంలో తలకాయ ముక్క కూడా పిల్లాడికే దక్కింది. అంత గొప్ప పుట్టినరోజు మళ్ళీ రాలేదని ఎలీయాజరు చాలా ఏళ్ళు అనుకున్నాడు.

ఆ అనుకోవడం యాభై ఏడేళ్ళ తరవాత, 2001 జనవరిలో చెడింది.

అప్పటికి ఎలీయాజరుగారు ఏలూరులో కాలేజీ లెక్చరరుగా రిటైరయ్యారు. భార్య ప్రభావతి పోయి నాలుగేళ్ళు. ఒక్కడికి ఎంత బియ్యం పొయ్యాలో ఇంకా చేతికి రాలేదు, రోజూ మిగిలిపోయేది. ఒక మధ్యాహ్నం చిన్నప్పటి ఆ పల్లె నుంచి డెబ్బై దాటిన హెప్సిబమ్మ, ఆవిడ మనవరాలు శాలిని పాసింజరు బండి దిగి వచ్చారు. ఆ రోజు మిగిలిన అన్నం సరిగ్గా ఇద్దరికి సరిపోయింది. ఇలాంటి చిన్న దయలు ఎవరు చేస్తారో గానీ, ఎలీయాజరుగారు మాత్రం లెక్కపెట్టకుండా వదలరు.

తిన్నాక శాలిని సంగతి చెప్పింది. రెండో ప్రపంచయుద్ధంలో సైనికులు చెరబట్టిన ఆడవాళ్ళు, ఇప్పుడు ముసలివాళ్ళైనవాళ్ళు, జపానులో న్యాయపీఠం ముందు సాక్ష్యం చెప్పారని పేపర్లో పడితే అమ్మమ్మకి చదివి వినిపించిందట. విన్న మూడో రోజు ఆవిడ, పంతులుగారబ్బాయి దగ్గరికి తీసుకెళ్ళమందట.

మిగతాది హెప్సిబమ్మే చెప్పింది. ఆ యుద్ధంలో గూడెంలో విమానాల మైదానం వేస్తుంటే పదహారేళ్ళ పిల్లగా తను కంకర మొయ్యడానికి వెళ్ళేది. ఒక సాయంత్రం ముగ్గురు సోల్జర్లు. ఆవిడ అంతవరకే చెప్పింది, ఆయన అంతకుమించి అడగలేదు.

ఎలీయాజరుగారు తెల్లకాగితం తీశారు. 'అయ్యా' అని రాసి ఆగిపోయారు. ఎవరికి? కలెక్టరుగారికా, ఢిల్లీకా, ఏ దేశపు రాణికా? ఎటూ తోచక ఇద్దరినీ వెంటబెట్టుకుని పక్కవీధి ప్లీడరు ఆంజనేయప్రసాద్‌గారి దగ్గరికి వెళ్ళారు. ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. ముందు గుమాస్తాని టీ తాగి రమ్మని బయటికి పంపేశారు. ఆ తరవాతే అడిగారు: వాళ్ళ పేర్లు, వాళ్ళ దేశం.

"ఏ దేశపోళ్ళో చెప్పి వచ్చారాండీ?" అంది హెప్సిబమ్మ. "బూట్లు చూపిస్తే చెప్తానండి."

ప్లీడరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆనాటి కాగితం ముక్క ఏదైనా ఉంటే అదొక ఆధారమన్నారు. ఉన్నా, ఏ కోర్టులో ఎవరి మీద వెయ్యాలో తనకీ తెలియదని ఒప్పుకున్నారు.

కాగితం అనగానే ఎలీయాజరుగారికి నాన్న రేకుపెట్టె గుర్తొచ్చింది. అందులో ఆ కాలపు చర్చి నిర్ణయాలు రాసిన సంఘం పుస్తకం ఉంది. ఇంటికొచ్చి తీస్తే 1944 ఫిబ్రవరి ఆరు దగ్గర, నాన్న గుండ్రటి చేతిరాతలో ఇలా ఉంది:

'దేవరాజు కుమార్తె హెప్సిబా, జారత్వము నిమిత్తము, సంఘము ఎదుట తన పాపము ఒప్పుకొనువరకు ప్రభువు బల్ల నుండి ఆపబడెను.'

దాని కింద ఇంకో వాక్యం: 'విమాన మైదానపు సోల్జర్ల సంగతి ఈ పుస్తకములో ఎక్కించవద్దని పెద్దలు నిర్ణయించిరి.'

ఎలీయాజరుగారు ఆ రెండు వాక్యాలూ వాళ్ళకి చదివి వినిపించారు. తేదీ తన పుట్టినరోజు. ఎక్కించవద్దన్న సంగతిని అలా ఎక్కించింది తన తండ్రే. తెలియక రాశాడా, తెలిసే రాశాడా? తెలిసే రాస్తే పై వాక్యాన్ని చర్చిలో అందరి ముందూ ఎలా చదివాడు? చదివి ఇంటికొచ్చాక పుట్టినరోజు ముద్ద దిగకపోవడం దయా, పిరికితనమా?

"అమ్మా, ఆధారం దొరికింది," అన్నారు చివరికి. గొంతులో సంతోషం తనకే సిగ్గనిపించింది.

"నేనొచ్చింది ఆ పుస్తకం కోసమేనండి. ఆ రాసింది కొట్టెయ్యండి," అంది హెప్సిబమ్మ.

కేసు కోసం వచ్చిందనుకున్నది తన పొరపాటని ఆయనకి అప్పుడు అర్థమైంది. ఆవిడ ఆ పాపం ఒప్పుకోనే లేదు. అందుకని యాభై ఏడేళ్ళుగా ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచే వేళకి లేచి బయటికొచ్చేస్తుంది. ఆ బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికేదీ, చర్చి ఊడ్చి తాళం వేసేదీ మాత్రం ఆవిడే. ఇప్పటి పాస్టరు జోసెఫ్‌గారు కుర్రాడు, మంచివాడు. ఎవరికి గుర్తుంది, వచ్చి తీసుకోమ్మా అని ఎన్నోసార్లు పిలిచారు. వెళ్ళలేదు.

"ఊరికే పెడితే తినడానికి ముష్టిదాన్నాండీ?" అంది.

"పై వాక్యం కొట్టేస్తే ఆ సోల్జర్ల మాట ఒక్కటే మిగులుతుంది. ఎవరి సంగతో చెప్పేవాళ్ళుండరు. మీకు అలా జరిగిందని లోకంలో ఉన్న రాత ఇదొక్కటే," అన్నారు ఎలీయాజరుగారు.

హెప్సిబమ్మకి చదువు రాదు. పేజీని తనవైపు తిప్పుకుని, ఆ గీతల్ని వేలితో తడిమింది.

"ఆ రోజు చదివేటప్పుడు మీ నాన్నగారి గొంతు వణికిందండి," అంది. "వణికింది. కానీ చదివారు."

ఆవిడ పుస్తకాన్ని మళ్ళీ ఆయనవైపు తిప్పింది.

"అయితే కొట్టెయ్యకండి. జరిగింది కింద రాయండి. రాసి, చర్చిలో అక్కడే చదవండి."

ఫిబ్రవరి మూడు, శనివారం. మర్నాడు బల్ల ఆరాధన కాబట్టి సాయంత్రం చర్చిలో ప్రార్థన. ఎలీయాజరుగారు పుస్తకం పట్టుకుని, నాన్న నిలబడ్డ చోటే నిలబడ్డారు. పాత రెండు వాక్యాలూ చదివారు. తరవాత తను రాసింది చదివారు: ముగ్గురు సోల్జర్లు హెప్సిబాను బలవంతంగా చెరిచారని, నేరం వాళ్ళదని, ఆమె ఒప్పుకోవలసిన పాపమేదీ లేదని, తప్పు రాసింది సంఘమని. ఆ చివరి ముక్క ఇంకోసారి, గట్టిగా చదివారు.

వెనక బెంచీ మీంచి ఎనభై దాటిన చిట్టిబాబుగారు కర్ర పట్టుకుని లేచారు. "అప్పుడు ఊరంతా ఆ మైదానం కూలితోనే తిన్నామండి. నోరెత్తితే పని పోద్దనుకున్నాం," అని కూర్చున్నారు. జోసెఫ్‌గారు ఆ రాత కింద సంతకం పెట్టారు. హెప్సిబమ్మ వేలిముద్ర వేసి, సిరా బొటనవేలిని చీరకుచ్చిళ్ళలో దాచుకుంది.

జనం వెళ్ళిపోయారు. ఎలీయాజరుగారు మెట్ల మీద నిలబడిపోయారు. 'అయ్యా' అని మొదలుపెట్టిన కాగితం ఇంకా జేబులోనే ఉంది. ఆ ముగ్గురూ ఏ దేశంలోనో మనవల్ని కూడా చూసుకుని, ఈపాటికి చనిపోయే ఉంటారు. మరి ఇవాళ జరిగిందేమిటి? న్యాయమా, న్యాయం పేరుతో తనకి దొరికిన ఊరటా? నాన్నని క్షమించినట్టా, పట్టిచ్చినట్టా?

"రేపు బల్ల దగ్గర రొట్టె తీసుకుంటారాండీ?" అని హెప్సిబమ్మని అడిగారు.

"రేపటి మాట రేపండి. గుడ్డ ఇంకా తడారలేదు." ఆవిడ లోపలికి వెళ్ళి, తెల్లగుడ్డని బెంచీ మీద సరిగ్గా ఆరేసింది. దీపం ఆర్పి బయటికొచ్చి, తలుపు కింద రాయిని కాలితో జరిపి, కిర్రుమనకుండా రెండు చేతులా నెమ్మదిగా మూసింది.