వెనక బ్రేకు పాస్

బస్సు డిపోలో ముప్ఫై నాలుగేళ్లు బ్రేకులు చూశాను. నేను "పాస్" అంటే తప్ప ఒక్క బస్సు కూడా బయటికి కదిలేది కాదు. డ్రైవర్లు బతిమాలేవారు, మేనేజరు కళ్లెర్రజేసేవాడు. నేను వినేవాణ్ణి కాదు. వెనకాల నన్ను 'మొండిఘటం' అనుకునేవారని తెలుసు. తెలిసి సంతోషపడ్డాను కూడా.

రిటైరయ్యాక నా చేతికి ఒకే ఒక్క బండి మిగిలింది. నా కోడలు నర్సు. రోగుల ఇళ్లకు వెళ్లి కట్లు మారుస్తుంది, ఇంజెక్షన్లు చేస్తుంది. తిరగడానికి ఆఫీసు వాళ్లు ఎలక్ట్రిక్ సైకిల్ ఇచ్చారు. బయల్దేరే ముందు ఏమేం చూసుకోవాలో ఎవరో కుర్రాడు వచ్చి మా ఇద్దరికీ వివరించాడు. తాతకు దగ్గులు నేర్పడమంటే అదే. "ఆ పని నేను చూసుకుంటాను, నువ్వెళ్లు నాయనా," అని పంపేశాను.

రోజూ పొద్దున ఏడుంపావుకు వరండాలో మొదలుపెడతాను. టైర్లు బొటనవేలితో నొక్కుతాను. ఇరుసు నట్లకు స్పానర్ వేసి చూస్తాను. బ్యాటరీ గూట్లో సరిగ్గా బిగుసుకుందో లేదో లాగి చూస్తాను. వైర్ల తొడుగు చిట్లిందేమో, లైటు వెలుగుతోందో లేదో, బెల్లు మోగుతోందో లేదో చూస్తాను. అన్నీ అయ్యాక, స్టాండు మీదే స్విచ్ వేసి వెనక చక్రాన్ని గిర్రున తిరగనిచ్చి బ్రేకు నొక్కుతాను. చక్రం ఆగుతుంది. "పాస్," అంటాను. అప్పుడు ఆమె హెల్మెట్ పెట్టుకుంటుంది.

ఆ పది నిమిషాలూ నా నోరు ఊరుకోదు. ఏ డ్రైవరు ఎలా బుకాయించాడో, ఏ బస్సును ఎందుకు ఆపేశానో చెబుతూ ఉంటాను. మా అబ్బాయి "మళ్లీ మొదలైంది," అని జారుకుంటాడు. కోడలు మాత్రం భుజాన సంచీతో నిలబడి వింటుంది.

ఒక్క సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆర్నెల్లుగా నా చేతివేళ్లు సరిగా ముడుచుకోవడం లేదు. సీసా మూత తియ్యాలంటే గుడ్డ చుట్టి, ఎవరూ చూడకుండా కుస్తీ పట్టాలి. బ్రేకులు చూసేవాడికి చెయ్యి పోయిందంటే ఇంకేం మిగులుతుంది?

మొన్న ఆదివారం గుమ్మం దగ్గర చెప్పులు సర్దుతుంటే కోడలి డ్యూటీ బూట్లు చేతికొచ్చాయి. కొని రెండు నెలలు కాలేదు. ఎడమది కొత్తదానిలా ఉంది. కుడిదాని మడమ మాత్రం ఏటవాలుగా అరిగి లోపలి స్పాంజి కనిపిస్తోంది. అరుగుదల చూసి జబ్బు చెప్పడం నా వృత్తి. నడిచే మనిషికి రెండు మడమలూ అరుగుతాయి. ఒక్కటే అరిగిందంటే దాన్ని రోడ్డుకేసి రాస్తున్నట్టే.

సైకిల్ దగ్గరికి వెళ్లాను. బ్యాటరీ తీసి పక్కన పెట్టాను. స్టాండు దించి, సీటును తుంటితో తోస్తూ, వెనక బ్రేకు లివర్ రెండు చేతులతో లాగాను. లివర్ వచ్చి హ్యాండిల్‌కి తగిలింది. సైకిల్ నాతోపాటు నడుస్తూనే ఉంది.

నా బస్సుల్లో లేని ఏర్పాటు ఒకటి దీంట్లో ఉంది. బ్రేకు లివర్ కాస్త కదిలితే చాలు, మోటారుకు కరెంటు ఆగిపోతుంది. నా వేళ్లకు చేతనైంది ఆ కాస్తే. మోటారు ఆగాక, అరిగిన బ్రేకు రబ్బరు కొంచెం రాసుకున్నా గాల్లో ఉన్న చక్రం నిలిచిపోతుంది. మనిషి బరువు పడ్డాక నిలవదు. రోజూ నేను చూసింది ఆ కరెంటు ఆపే స్విచ్చుని, పాస్ చేసింది బ్రేకుని. కంచే చేను మేసింది. అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

కోడలు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. వెళ్లి బూటు చూపించాను.

"ఎన్నాళ్ల నుంచి?"

అబద్ధం చెప్పబోయి మానేసింది. "రెండు వారాలవుతోంది మామయ్యా. ముందు బ్రేకు పడుతోంది. వంతెన దిగేటప్పుడే కాలు ఆనిస్తున్నా."

"వంతెన మీద లారీలు తిరుగుతాయి."

"నెమ్మదిగానే దిగుతున్నా."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

తడి చొక్కాను ఊరికే దులుపుతూ నిలబడింది. "మీ వేళ్ల సంగతి నాకు తెలుసు మామయ్యా. నేను నర్సుని కదా. బ్రేకు పడట్లేదంటే మీరు ఈ పనే మానేస్తారు. మీకు తెలీకుండా బాగుచేయిద్దామంటే, నా డ్యూటీ అయ్యేసరికి షాపు కట్టేస్తున్నారు."

"మానేస్తే కొంప మునుగుతుందా?"

"రోజు మొత్తంలో మీరు నోరు విప్పేది ఆ పది నిమిషాలే. తర్వాత గోడకేసి చూస్తూ కూర్చుంటారు."

నా మీద నాకొచ్చిన కోపాన్ని ఆమె మీద చూపించాను. "నా కబుర్ల కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా? బుద్ధుందా నీకు?" కోడల్ని అంత మాట అనడం అదే మొదటిసారి. ఆమె ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది, సిగ్గుతో, ప్రేమతో. ముఖం పక్కకి తిప్పుకున్నాను.

సోమవారం సైకిల్‌ను బయటికి పోనివ్వలేదు. ఆమె బస్సులో వెళ్లింది. నేను సైకిల్‌ను షాపుకు నడిపించుకెళ్లి రెండు చక్రాలకూ కొత్త బ్రేకు రబ్బర్లు వేయించాను.

మంగళవారం పొద్దున సైకిల్‌ను ఆమె చేతికిచ్చి నేను స్టూలు మీద కూర్చున్నాను. "నా వేళ్లకు బలం లేదమ్మా. నువ్వే చూసుకో. ముందు బ్యాటరీ తీసెయ్. తోస్తూ నొక్కు," అన్నాను. ఆ మాట పైకి చెప్పడం పన్ను పీకించుకున్నట్టే ఉంది. ఆమె తోసి నొక్కింది. వెనక టైరు గచ్చు మీద కిర్రుమని నిలబడిపోయింది. ముందుదీ అలాగే.

"మరి ఇవాళ ఏ బస్సు కథ?" అంది బ్యాటరీ బిగిస్తూ.

ఏ బస్సునైతే ముప్ఫై ఏళ్లుగా ఎవరి దగ్గరా ఎత్తలేదో, ఆ బస్సు కథ చెప్పాను. తొందరలో ఉండి, కిందికి దూరి చూడకుండానే నేను పాస్ చేసిన బస్సది. వాలులో బ్రేకు పట్టక వెనక్కి దొర్లి కాపలాదారు గదిని కూల్చేసింది. అతను నీళ్లు తాగడానికి లేచి వెళ్లాడు కాబట్టి బతికాడు. నేను మొండిఘటాన్ని అయింది ఆ మర్నాటి నుంచే.

ఆమె సంచీ దించి నా పక్కన మెట్టు మీద కూర్చుని ఆసాంతం విన్నది. ఆ రోజు డ్యూటీకి పావుగంట ఆలస్యంగా వెళ్లింది.