పదమూడు కంటే ముందు పద్నాలుగు

నేను ఒక సినిమా రీలును. పద్నాలుగో రీలును. వెయ్యి అడుగుల పొడవు, పదకొండు నిమిషాల బతుకు. హీరో ఎక్కడ పుట్టాడో, విలన్‌కు అతని మీద అంత పగ ఎందుకో నన్నడగొద్దు. అవి ఒకటో రీలుకో, నాలుగో రీలుకో తెలియాలి. నాలో హీరో చచ్చిపోతాడు. అతన్ని చంపడం నా పని. ఆ పని నేను బాగా చేస్తాను.

సినిమా పేరు 'కరెంటు వీరుడి ఆఖరి యుద్ధం'. దానికి ముందు 'కరెంటు వీరుడు', 'మళ్ళీ కరెంటు వీరుడు' అని రెండు వచ్చాయి. జనం మాటల్లో విన్నదాన్ని బట్టి ఆ వీరుడు కరెంటాఫీసులో లైన్‌మన్. స్తంభం మీద ఉండగా పిడుగు పడింది. ఇంకెవరైనా అయితే చచ్చేవాళ్ళు. ఇతని వేళ్ళ చివర నిప్పురవ్వలు పుట్టాయి. ఎర్ర చొక్కా, నల్ల ముసుగు, రబ్బరు బూట్లు వేసుకుని ఎగిరేవాడు. ఎగిరేటప్పుడు నడుముకు కట్టిన తీగ తెర మీద స్పష్టంగా కనపడేది. అది కరెంటు తీగ అని జనం సరిపెట్టుకున్నారు. నచ్చినవాడి విషయంలో మనుషుల కళ్ళు సరిగా పనిచెయ్యవు.

నేను మద్రాసులో పుట్టాను. మందునీళ్ళలో ముంచి, ఆరబెట్టి, చుట్ట చుట్టి రేకు డబ్బాలో పెట్టారు. నా తోక చివర 'శుభం' అని ఉంది. హీరో శవం మీద శుభం. ఆ పని చేయించినవాడికి బుద్ధి లేదు. అయినా ఆ రెండక్షరాలంటే నాకు పొగరు. మిగతా పదమూడింటిలో ఒక్కదానికీ అవి లేవు.

నాలుగు ఊళ్ళు ఆడి పార్వతీపురం వచ్చాం. ఆగస్టు నెల, బస్సు టాపు మీద ప్రయాణం, దారంతా వాన. డబ్బాల మీద అంటించిన నెంబరు కాగితాలు కొన్ని కొట్టుకుపోయాయి. నాదీ పోయింది, పదమూడోదాని కాగితమూ పోయింది. మా మొదళ్ళలో ఉండే నెంబర్ల ముక్కలు వెనకటి ఊళ్ళలోనే చిరిగిపోయాయి.

ఆ హాల్లో ఆపరేటరు తవిటినాయుడు. ఊరి బడిలో అయిదు చదివాడు. మిషను ముందు మాత్రం కలెక్టరు. మా ఇద్దరినీ తీసి చెరో మూర లాగి బల్బుకు ఎదురుగా పట్టి చూశాడు. నా మొదట్లో వీరుడు ఆనకట్ట మీద కరెంటు తీగలు పట్టుకోబోతున్నాడు. పదమూడు మొదట్లో వీరుడు గుడిసెలో కళ్ళు మూసుకుని పడి ఉన్నాడు, చెల్లెలు ముఖం మీద నీళ్ళు చల్లుతోంది. తవిటినాయుడు ఆలోచించాడు. తీగలు పట్టుకున్నాడు, పడిపోయాడు, చెల్లెలు నీళ్ళు చల్లింది, లేచాడు. ఇంతేగా. పుట్టి బుద్ధెరిగాక అతను వేసిన తెలుగు సినిమాల్లో దెబ్బ తిన్న హీరో లేవకుండా ఉన్నది లేదు. నన్ను ముందు పెట్టాడు.

శుక్రవారం మాట్నీ. హాలు కిక్కిరిసింది. బెంచీల మీద నిలబడి చూస్తున్నారు. నా వంతు వచ్చింది. తెర మీద విలన్ అప్పటికే మీట నొక్కేసి ఉన్నాడు, ఆనకట్ట మీద తీగలు తెగి పాముల్లా కొట్టుకుంటున్నాయి, కింద ఏడు ఊళ్ళు. వీరుడు రెండు చేతులూ చాచాడు. సరిగ్గా అప్పుడు హాల్లో కరెంటు పోయింది.

"ఒరే వీరుడా, ముందు మా ఊరికి కరెంటియ్యరా," అన్నాడు నేల క్లాసులో ఒకడు.

"ఆపీసులో డ్యూటీ దిగిపోనాడురా," అన్నాడు ఇంకొకడు.

హాలంతా నవ్వు. జనరేటరు దగ్గింది. నేను మళ్ళీ కదిలాను. వీరుడు తీగలు పట్టుకున్నాడు. ఎర్ర చొక్కా భగ్గున అంటుకుంది. చేతులు కాలి, భుజాలు కాలి, చొక్కా మసై రాలింది. ఊళ్ళు బతికాయి. అతను పడిపోయాడు. చెల్లెలు ఏడ్చింది. హాలు అంతకంటే గట్టిగా ఏడ్చింది. శుభం.

జనం లేచారు. ఆడవాళ్ళు ముక్కులు తుడుచుకుంటున్నారు. మగవాళ్ళు చెప్పులు వెతుక్కుంటూ సిగ్గు దాచుకుంటున్నారు. అప్పుడు పక్క మిషను మీద పదమూడు మొదలైంది. గుడిసె. నీళ్ళు. వీరుడు కళ్ళు తెరిచాడు.

ఆ కేక నేను ఇంకే ఊళ్ళోనూ వినలేదు. గేటు దాటినవాళ్ళు వెనక్కి పరుగెత్తుకొచ్చారు. సైకిలెక్కినవాడు సైకిలు పడేసి వచ్చాడు. చొక్కాలు విప్పి గాల్లోకి విసిరారు. తెర మీద వీరుడు విలన్‌ను ఆనకట్ట ఈ చివర నుంచి ఆ చివరికి కొడుతుంటే, ప్రతి దెబ్బకూ హాలు లెక్క పెట్టింది. ఇరవై మూడు దెబ్బలు. చచ్చి లేచినవాడి దెబ్బ వేరే కదా.

తవిటినాయుడికి 'శుభం' పడగానే తప్పు తెలిసింది, అప్పటికే పక్క మిషను తిరిగిపోతోంది. గుడిసెలో వీరుడు పడి ఉన్నది అంతకు ముందు రీల్లో తిన్న దెబ్బలకు. ఫస్ట్ షోకి సరిచేద్దామనుకున్నాడు. హాలు యజమాని గున్నేశ్వరరావు మెట్లెక్కి కాబిన్‌లోకే వచ్చాడు. బయట రోడ్డు నిండా జనం.

"దాన్ని ముట్టుకున్నావంటే నీ చెయ్యి విరుస్తాను తవిటీ. ఎలా ఏశావో అలాగే ఏసెయ్."

ఆ సాయంత్రమే తవిటినాయుడు బ్లేడు తీసుకుని నా తోక కోశాడు. నా 'శుభం' పదమూడుకు అతికించాడు. పదమూడు చివర విలన్ చెయ్యి మీట మీదికి పోయే ముక్క కత్తిరించి నా మొదట్లో చేర్చాడు. చక్కగా కుదిరింది. దొంగపని అతనికి చక్కగానే కుదురుతుంది. డెబ్భై రెండు రోజులు ఆడాం. రోజుకు నాలుగు ఆటలు నేను వీరుణ్ణి చంపాను, నాలుగు ఆటలు వాడు లేచాడు.

తవిటినాయుడి భార్య పారమ్మ. ఆడవాళ్ళ గేటు దగ్గర టిక్కెట్లు చింపేది. ఆట మొదలయ్యాక లోపలికొచ్చి గోడకు ఆనుకుని చూసేది. నాలుగో రోజు ఇంటర్వెల్లో టీ బడ్డీ దగ్గర, పదిమందిలో, మొగుణ్ణి అడిగింది.

"కాలిపోయిన సొక్కా మళ్ళీ కుట్టినదెవులు?"

"ఏ సొక్కా?"

"వీరుడి సొక్కా. తీగలు అట్టుకున్నప్పుడు బుగ్గైపోనాది. గుడిసెలో లేసినప్పుడు కొత్తగుంది. గుండీలు కూడా ఉన్నాయి. ముందుది ఎనక, ఎనకది ముందు ఏసినావేటి?"

అందరూ తవిటినాయుడి వైపు చూశారు. అతను టీ గ్లాసు కింద పెట్టాడు.

"గేటు కాడ టిక్కెట్లు సింపుకునేదానివి. సినిమా గురించి నీకేటి తెల్సు? నోర్ముయ్."

పదిమందీ నవ్వారు. పారమ్మ నోరు మూసుకుంది. ఆ తరవాత ముప్పై ఏళ్ళు అదే గేటు దగ్గర నిలబడింది, తెర వైపు వీపు పెట్టి. హాల్లోకి మళ్ళీ అడుగుపెట్టలేదు. ఈ సంగతి ఊళ్ళో అందరూ చూశారు. మొగుడొక్కడే చూడనట్టు ఉన్నాడు.

మమ్మల్ని ఇచ్చిన డిస్ట్రిబ్యూటరు ఆఫీసు మూతపడింది. తిరిగి పంపడానికి చిరునామా లేక మేం కాబిన్ అటక మీదే ఉండిపోయాం. రీళ్ళ కాలం పోయింది. హాలూ మూతపడింది. పారమ్మ పోయి మూడేళ్ళయింది.

మొన్న అటక మీద నుంచి దించారు. హాలు పడగొట్టి ఫంక్షన్ హాలు కడతారట. అందుకని పాత అభిమానులు కూడి మూడు రోజులు మాట్నీలు పెట్టారు, వీరుడి సినిమాలు మూడూ వరసగా. మొదటి రెండూ ఎవరో విశాఖపట్నం నుంచి తెచ్చారు. నెరిసిన మీసాలకు రంగేసుకుని, పొట్టల మీద ఎర్ర చొక్కాలు బిగించుకుని వచ్చారు మగాళ్ళు. నడుముకు తీగ కట్టిన షాటు రాగానే "ఒరే తీగ, తీగ" అని చిన్నపిల్లల్లా అరిచారు. అప్పుడు కరెంటుదని సరిపెట్టుకున్న తీగ ఇప్పుడు ఉత్త తీగలాగే కనపడింది, దానికీ ఈలే. నా డబ్బాలో నాకు నిద్ర పట్టలేదు. మూడో రోజు నాది.

మూడో రోజు పొద్దున తవిటినాయుడు బ్లేడు తీశాడు. పదమూడు తోక కోసి నా 'శుభం' నాకు అతికించాడు. విలన్ చెయ్యి పదమూడుకు తిరిగిచ్చాడు. పక్కన అభిమానుల పెద్ద జోగులు ఉన్నాడు, రిటైరైన బస్సు కండక్టరు.

"ఇదేటి బావా, మారుస్తున్నావు?"

"సరిగ్గా ఏస్తాను. మా ఇంటిది అన్నదే నిజమని అందరికీ సెప్పాల."

"ఇప్పుడెందుకు? ఆవిడే నేదు."

"అందరి ముందరే కదా దాని నోరు మూయించాను. అందరి ముందరే ఒప్పుకోవాల."

జోగులు ఆ రీళ్ళ వైపు ఒకసారి చూసి మెట్లు దిగిపోయాడు. నాకు ముసలాడి పశ్చాత్తాపంతో పనిలేదు. నా చోటు నాకు దక్కింది. చిట్టచివరి రీలును. ముప్పై అయిదేళ్ళకు.

హాలు నిండింది. పదమూడు అయింది. నేను ఎక్కాను. విలన్ అప్పటికే మీట నొక్కేశాడు, తీగలు లేచాయి, వీరుడు చేతులు చాచాడు. హాలంతా ముందుకు వంగింది. ఒళ్ళంతా గీతలు పడి ఉన్నా, అంత బాగా నేను ఎన్నడూ ఆడలేదు. చొక్కా అంటుకుంది. వీరుడు పడ్డాడు. చెల్లెలు ఏడ్చింది. శుభం.

తెర తెల్లబడింది. ఒక్కరూ లేవలేదు.

కుర్చీ కిర్రుమనలేదు. ఎవరూ చెప్పులు వెతుక్కోలేదు. తెల్ల తెర వైపు చూస్తూ కూర్చున్నారు. ఈ ఊళ్ళో అతను చచ్చాక లేస్తాడు. ఆ లేవడం కోసం చూస్తున్నారు.

నేల క్లాసులోంచి ఒక ఈల. "తవిటన్నా, పదమూడెయ్యి."

తవిటినాయుడు మెట్లు దిగి వచ్చి తెర ముందు నిలబడ్డాడు. మిషను వెలుగు ముఖం మీద పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"పదమూడు అయిపోనాది. అసలు వరస ఇదే. వీరుడు సచ్చిపోతాడు. అప్పుడు నాను తప్పుగా ఏసినాను. మా పారమ్మ కనిపెట్టింది. దాన్ని మీ అందరి ముందర కసిరీసినాను. అది సెప్పిందే నిజం."

వెనక నుంచి నవ్వు.

"మాకు తెల్దనుకున్నావేటి? బొబ్బిల్లో ముందే సూసొచ్చినాం. అక్కడ సచ్చిపోనాడు. అందుకే ఇక్కడికొచ్చినాం."

"బొబ్బిలోలు కూడా ఇక్కడికొచ్చీవోరు," అన్నాడు జోగులు మెల్లగా.

తవిటినాయుడు చెయ్యి దించాడు. "మరి టీ బడ్డీ కాడ నవ్వినారెందుకు?"

"నిజమని ఒప్పుకుంటే నువ్వు సరిగ్గా ఏసేత్తావు కదా," అన్నాడు వెనక నవ్వినవాడే.

ఆడవాళ్ళ వరసలోంచి ఒక ముసలామె లేచింది. పారమ్మతో పాటు ఆ గేటు దగ్గర నిలబడ్డ నారాయణమ్మ.

"ఊరందరికీ సెప్పినావు సరే తవిటీ. ఈ మాట ఇంటికాడ దానితో ఒక్కసారైనా అన్నావా?"

తవిటినాయుడు తల అడ్డంగా ఊపాడు. నారాయణమ్మ కూర్చుంది.

"అన్నా, పదమూడు," అన్నారెవరో.

అతను మెట్లెక్కి వచ్చాడు. నన్ను తీసి బల్ల మీద పెట్టాడు, మూత వెయ్యలేదు. పదమూడును మిషనుకు ఎక్కించాడు. అలవాటైన పని. కింద వీరుడు కళ్ళు తెరిచాడు. హాలు పైకప్పు ఎగిరిపోయేలా అరిచింది. దెబ్బలు లెక్కపెట్టడం మొదలైంది, ఒకటి, రెండు, మూడు.

తవిటినాయుడు తెర కనపడే కన్నంలోంచి చూడలేదు. గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అతను ఆ మాట చెప్పాల్సిన మనిషికి మాత్రం, చావు తరవాత వెయ్యడానికి ఇంకో రీలు లేదు.