లోవ్రో పసుపు పుస్తకంలో మేకబొమ్మ ముద్ర

సూదిమందుకు భయపడే మనిషి మా బోహిన్ లోయలో ఇంతవరకూ పుట్టలేదు. మా పిల్లలు భూమ్మీద పడీ పడగానే ఎడమచెయ్యి చాచి, 'కానివ్వండి డాక్టరుగారూ, అవతల నాకు కొండెక్కే పనుంది' అంటారని ప్రతీతి. అలాంటి లోయలో లోవ్రో అందరికంటే ఒక మెట్టు పైన. అరవై ఎనిమిదేళ్లవాడు, నలభై తేనెపెట్టెల ఆసామి. ముఖానికి వల కట్టడు, చేతులకు తొడుగులు వెయ్యడు. తేనెటీగ కుడితే ఉలిక్కిపడడు సరిగదా, 'పాపం, దాని ఆయుష్షు తీరింది' అని దానిమీదే జాలిపడతాడు. ఇన్నేళ్లలో ఆయన ఒంట్లో దిగిన ముళ్లన్నీ ఏరి కుప్పపోస్తే రెండు ముళ్లపందులు తయారవుతాయి.

ఆయన భార్య ఉర్షులా. త్రిగ్లావ్ శిఖరం కింద ఉన్న కొండసత్రంలో ఇరవై ఆరు వేసవులు వంట చేసింది. ఎక్కేవాళ్ల గిన్నెల్లో పుల్లక్యాబేజీ చారు పొయ్యడం, వాళ్లు కొండెక్కినందుకు గుర్తుగా తమ ముద్రల పుస్తకాల్లో సత్రం ముద్ర వేసుకుని మురిసిపోతుంటే చూడడం, ఇదే ఆవిడకు తెలిసిన పర్వతారోహణ. పొయ్యి వదిలి పైకెళ్లే తీరిక ఏనాడూ దొరకలేదు. మోకాళ్లు మాట వింటున్నప్పుడే ఒక్కసారి హిమాలయాల్లో నడవాలని ఆవిడ కోరిక. "నువ్వు గరిటె దించిన ఏడాది నేనే దగ్గరుండి తీసుకుపోతా" అని లోవ్రో ఎప్పుడో మాటిచ్చాడు. పోయిన ఏడాది ఆవిడ గరిటె దించింది.

అదృష్టం కొద్దీ మా ఊరి కొండలసంఘం ఆ అక్టోబరులోనే పన్నెండుమందిని నేపాల్ తీసుకుపోవడానికి సిద్ధమైంది. ఐదువేల మీటర్ల పైన ఉన్న కనుమ ఎక్కి అవతలికి దిగాలి. నాయకుడు గష్పెర్. నలభై ఏళ్లవాడు. కొండల్లో చిక్కుకున్నవాళ్లను మోసుకొచ్చే దళంలో పనిచేసి పనిచేసి నవ్వడం మర్చిపోయినవాడు. అతని షరతు ఒక్కటే: ప్రతివాళ్లూ పట్నంలో ప్రయాణికుల టీకాల డాక్టరును కలవాలి, ఆవిడ చెప్పినవన్నీ వేయించుకోవాలి, సెప్టెంబరు మొదటి ఆదివారం టీకాల పసుపు పుస్తకం తెచ్చి చూపించాలి. చూపించనివాళ్లు ఇంట్లో కూర్చుని సంకటి తినొచ్చు.

ఉర్షులా జూన్‌లోనే మొదలుపెట్టింది. టైఫాయిడ్, కామెర్లు, ధనుర్వాతం, పిచ్చికుక్క కాటు, ఏదీ వదల్లేదు. టీకా పడ్డప్పుడల్లా పుస్తకంలో ఒక ముద్ర. జీవితమంతా ఇతరుల ముద్రలు చూసిన మనిషి ఇప్పుడు తన పుస్తకం తెరిచి, సిరా తడి ఆరేదాకా ఊది, ఇరుగుపొరుగుకి చూపించి వచ్చేది.

"నువ్వెప్పుడయ్యా వెళ్లేది?" అని మొగుణ్ణి అడిగింది.

"తేనె తీసే రోజులు కదే. గురువారాలు కాస్త ఖాళీ. నేనొక్కణ్ణే వెళ్లొస్తాలే."

"తోడు రానా?"

"నేనేమన్నా చంటిపిల్లాణ్ణా?"

ఆగస్టులో నాలుగు గురువారాలు లోవ్రో ఇస్త్రీ చొక్కా వేసుకుని, పసుపు పుస్తకం జేబులో పెట్టుకుని, పొద్దున్నే బస్సెక్కాడు. సాయంత్రం ఎడమచెయ్యి రుద్దుకుంటూ వచ్చాడు.

"నొప్పిగా ఉందా?"

"ఆఁ, ఏదో కాస్త. ఇదీ ఒక నొప్పేనా మనకి!"

అయినా ఆవిడ మనసు ఊరుకోక ఆ చేతికి వేడినీళ్ల కాపడం పెట్టేది. ఆ కాపడం ఆయనకు సూదికంటే ఎక్కువ గుచ్చుకునేది. ఎందుకంటే ఆయన ఎక్కిన బస్సు పట్నం వెళ్లేది కాదు, కొండ మొదలుకు వెళ్లేది. తేనెటీగ చెప్పాపెట్టకుండా కుడుతుంది, దానితో పేచీ లేదు. సూది అలా కాదు. మనిషి కళ్లముందే దాన్ని పైకెత్తుతారు, ఒక చుక్క చిమ్మిస్తారు, 'కొంచెం చురుక్కుమంటుందండీ' అని చెప్పి మరీ వస్తారు. ఆ చుక్క చూసిన క్షణంలోనే లోవ్రో ప్రాణం సగం దారి వెళ్లిపోయేది. అందుకే ఆ నాలుగు గురువారాలూ, రేపు చెబుదాం, వచ్చేవారం వెళదాం అనుకుంటూ కొండెక్కి, సత్రం బల్లమీద దిగులుగా కూర్చుని దిగొచ్చాడు.

సెప్టెంబరు ఆదివారం రానే వచ్చింది. సంఘం గదిలో పన్నెండుమందీ బల్లచుట్టూ కూర్చున్నారు. గష్పెర్ ఒక్కొక్క పుస్తకమే చూస్తున్నాడు. పుస్తకం ఇంట్లో మరిచిపోయానని చెబుదామని లోవ్రో అనుకుంటుండగానే, ఉర్షులా ఆయన జేబులోంచి దాన్ని తీసి గర్వంగా ముందుకు తోసింది.

గష్పెర్ తెరిచాడు. పుస్తకం పైకెత్తి వెలుతురులో పట్టుకున్నాడు.

"లోవ్రో బాబాయ్, టైఫాయిడ్ టీకా రెండున్నర వేల మీటర్ల ఎత్తులో వేయించుకున్నావా?"

అందరూ మెడలు చాచారు. టీకాల పేజీ మధ్యలో కొండసత్రం వాళ్ల గుండ్రటి ముద్ర. దానిమీద కొమ్ములు తిరిగిన కొండమేక. పక్కనే లోవ్రో సొంత దస్తూరీతో ఆగస్టులో ఒక గురువారం తేదీ.

ఇది మావాళ్లు మాత్రమే చెయ్యగల తప్పు. సత్రం గుమ్మంలో రబ్బరు ముద్ర దారానికి కట్టి వేలాడుతుంటుంది. అది కనబడితే చాలు, మా చెయ్యి తనంతట తనే జేబులోకి పోతుంది, పుస్తకం తీస్తుంది, ముద్ర కొడుతుంది, తేదీ వేస్తుంది. కళ్లతో పని లేదు. ముద్రల పుస్తకమూ పసుపు పుస్తకమూ ఒకే జేబులో ఉన్నాయి. ఆ రోజు దిగులులో లోవ్రో చేతికి ఏది తగిలితే అది వచ్చింది.

"ఏ మేక వేసింది బాబాయ్ టీకా? కొమ్ముతోనా?" అన్నాడు పోస్టుమాన్ తీనె. గది గదంతా గొల్లుమంది.

ఉర్షులా నవ్వలేదు. తేదీ మీద వేలు పెట్టింది. "ఈ గురువారమే కదూ, చెయ్యి ఎత్తలేకపోతున్నావని చొక్కా కూడా నేనే విప్పాను?"

లోవ్రో తేలు కుట్టిన దొంగలా నేల చూశాడు.

"సరే. నేను వెళ్తాను. నువ్వు ఈగల్ని చూసుకో" అంది ఆవిడ.

గష్పెర్ పుస్తకం మూసి ఆయన ముందు పెట్టాడు. "భయపడ్డావని కాదు బాబాయ్, దాచావని నా బాధ. నాలుగువేల మీటర్ల దగ్గర నీకు తలనొప్పి మొదలవుతుంది. అప్పుడూ ఇలాగే 'బానే ఉన్నా' అంటావు. తెల్లారేసరికి మెదడు వాచిపోతుంది, ఊపిరితిత్తుల్లోకి నీళ్లు దిగుతాయి. అలా దాచినవాళ్లను నేను మోశాను, ఇంక మొయ్యలేను. దాచేవాణ్ణి తీసుకెళ్లను."

తలుపు లోవ్రో వెనకే ఉంది. లేచి వెళ్లిపోతే ఎవరూ ఆపరు. ఆయన లేచాడు కూడా. కానీ తలుపు వైపు తిరగలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాకు సూదంటే భయంరా. పంతొమ్మిదేళ్లప్పుడు సైన్యంలో వరసలో నిలబెడితే కిటికీలోంచి దూకాను. కాలు బెణికింది. కొండమీద బెణికిందని ఊరందరికీ చెప్పాను. మా ఆవిడకీ అదే చెప్పాను. ఉర్షా, నువ్వు కాపడం పెడుతుంటే చచ్చిపోవాలనిపించింది. నాకు భయం. అంతే. ఇంతకంటే దాచింది ఏమీ లేదు."

పోస్టుమాన్ తీనె ఆయన వైపు తిరిగాడు. "నేను వేయించుకున్నాననుకో. కానీ నర్సు చెయ్యి పట్టుకుని ఏడ్చాను." ఇంకొకడు, తనకు మొన్న కళ్లు తిరిగి పడితే మంచినీళ్లు చల్లారన్నాడు. లెక్క తేలేసరికి పన్నెండుమందిలో ఏడుగురు. గోడకు ఆనుకుని ఊరికే చూడ్డానికొచ్చిన ముసలాడు ఒకడు చెయ్యెత్తాడు, అది నేనే. మొదట్లో మా లోయ గురించి నేను కొట్టిన గొప్ప అలా అక్కడికక్కడే మంటగలిసింది. పోతే పోయింది, అంత హాయిగా ఎప్పుడూ నవ్వుకోలేదు మేము.

"ఇంకా అయిదు వారాలుంది. రేపే వెళ్లు బాబాయ్. డాక్టరు సరేనంటే నాకూ సరే" అన్నాడు గష్పెర్.

మర్నాడు ఉర్షులా తోడు వెళ్లింది. బస్సులో ముఖం కిటికీ వైపు తిప్పుకుంది, కానీ పక్కనే కూర్చుంది. టీకాల డాక్టర్ బ్రెదా లోవ్రో గుండె విన్నది, రక్తపోటు చూసింది.

"తేనెటీగలు కుడుతుంటాయా?"

"పోయిన వారం పదకొండు కుట్టాయండి."

"కుట్టినప్పుడు కళ్లు తిరిగాయా?"

"అప్పుడు లేదండి. ఇప్పుడు తిరుగుతున్నాయి."

"త్రిగ్లావ్ ఎన్నిసార్లు ఎక్కారు?"

"నలభై మూడు."

"ఆ సంగతి మీ కాళ్లకు తెలుసు, మీ నెత్తురుకు తెలీదు. మూడువేలు దాటాక నిన్నటి పడక కంటే ఇవాళ్టి పడక అయిదువందల మీటర్లకు మించి పైన ఉండకూడదు. నీళ్లు బాగా తాగాలి. తల నొప్పెడితే అప్పుడే చెప్పాలి. తగ్గకపోతే దిగాలి."

"తేనె సారా ఒక్క గుక్క?"

"దిగొచ్చాక."

నర్సు సూది ఎత్తింది, చుక్క మెరిసింది. లోవ్రో ముఖం పాలిపోయింది. సరిగ్గా అప్పుడే ఆయన టోపీలోంచి ఇంటి తేనెటీగ ఒకటి బయటికొచ్చి, నేరుగా వెళ్లి నర్సు మణికట్టు మీద కుట్టింది. ఆవిడ కెవ్వుమంది. లోవ్రో అన్నీ మర్చిపోయి, "కదలకమ్మా, నలపకు" అంటూ గోటితో ముల్లు గీకి తీశాడు. ఆయన ఆ అమ్మాయిని ఓదారుస్తుంటే డాక్టరు సందు చూసుకుని రెండు టీకాలు పొడిచేసింది.

పసుపు పుస్తకంలో అసలైన ముద్ర పడింది. ఉర్షులా దాన్ని తీసుకుని, తన పుస్తకానికి ఊదినట్టే ఊదింది. తిరుగు బస్సులో, "ఏ చెయ్యి?" అని అడిగి, అది కాని వైపు కూర్చుని భుజానికి తల ఆనించింది. మిగిలిన టీకాలకు ఆయన ఒక్కడే వెళ్లాడు. ఈసారి పట్నం బస్సే.

అక్టోబరులో నాలుగువేల నాలుగువందల మీటర్ల దగ్గర, పొద్దున టీ తాగుతుండగా లోవ్రో అందరికీ వినబడేలా అన్నాడు: "గష్పెర్, నా తల పగిలిపోతోందిరా." వెంటనే ఇంకో ముగ్గురు నొసలు పట్టుకుని, తమకూ రాత్రినించీ అంతేనన్నారు. ఆ రోజు ఎవరూ కదల్లేదు, మర్నాటికి అందరి తలలూ తేలికపడ్డాయి. మూడోనాడు ఉర్షులా ఐదువేల మీటర్ల కనుమ మీద నిలబడింది, ఆవిడకు రెండడుగుల వెనక లోవ్రో. పన్నెండుమందీ తమ కాళ్లమీదే అవతలికి దిగారు. మా లోయవాళ్లం ఇవాళ్టికీ కాలరెగరేసి చెప్పుకునేది ఆ కనుమ ఎత్తు కాదు, ఆ పొద్దున లోవ్రో అన్న మాట.

ఇంక నిజం ఒప్పుకుంటాను. ఆ తేనెటీగ నా కల్పన. టోపీలో ఏ ఈగా లేదు, నర్సును ఏదీ కుట్టలేదు. అక్కడున్న ఉర్షులా చెప్పింది ఇది: లోవ్రో తన చొక్కా చెయ్యి తనే మడిచాడు, గడగడ వణుకుతూనే చెయ్యి చాచాడు, సూది దిగి పైకొచ్చేదాకా చూపు తిప్పకుండా దాన్నే చూశాడు. ఉన్నదున్నట్టు చెబితే మా లోయలో ఒక్కడూ నమ్మడని ఈగను నేను తెచ్చి పెట్టాను.