ఏడు నెలల కిందటి మాట

పొద్దున్న ఆరింటికి శారోన్ తల్లిని ఎడమవైపుకి ఒత్తిగిలించి, వీపు తుడిచి పౌడరు రాస్తుంది. ఏడింటికి గంజి తాగిస్తుంది. ఎనిమిదింటికి మంచాన్ని వసారా చివరికి లాగి, దొడ్లో చెట్లు కనిపించేలా తలగడ ఎత్తుగా పెడుతుంది. డబ్లిన్‌లో నర్సుగా పదకొండేళ్లు పరాయివాళ్ల తల్లులకి చేసిన పనే ఇది. సొంత తల్లికి చెయ్యడం మాత్రం మూడు వారాలుగానే.

సూరమ్మకి పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది. పెదాలు కదులుతాయి గానీ మాట పైకి రాదు. ఆ నోటికి ఆ గతి పడుతుందని ఊళ్లో ఎవరూ అనుకోలేదు. కొత్తపేటకి మూడు కిలోమీటర్లలో, కాలవ గట్టునున్న ఆ ఇంట్లో సూరమ్మ నోరు ఎంతటిదంటే, దొడ్లో పద్నాలుగు కొబ్బరిచెట్లూ ఆవిడ మాటలతోనే కాపు కాసేవి. ఆవిడ అన్న మాట పూతలో పడేది, పిందెలో పెరిగేది, ఏడు నెలలకి బొండం కొట్టగానే ఆవిడ గొంతుతోనే బయటికొచ్చేది. అందుకే బొండాల వ్యాపారులు ఆ దొడ్డి గడప తొక్కేవారు కాదు. ఎండనపడి వచ్చిన గిరాకీకి నీళ్లకంటే ముందు "మీ కోళ్లు మండా, వడియాలన్నీ కెలికేశాయి" అని వినబడితే ఎవడు డబ్బులిస్తాడు? కాయ ముదిరితే మాట ఎండిపోతుంది కాబట్టి, శారోన్ తండ్రి ఏసుదాసు మాస్టారు ఎప్పుడూ ముదరబెట్టే అమ్మేవారు.

శారోన్ వచ్చిన దగ్గర్నుంచీ కాయలు దింపే వీరబాబు రోజూ రెండు బొండాలు కొట్టి ఇస్తున్నాడు. "మాస్టారండీ, ఆ లుంగీ మార్చండి, మనుషులొస్తారు" అంటుంది ఒకటి. "ఏమే పైడమ్మా, చింతకాయ పచ్చడి చేదొచ్చిందేం?" అంటుంది ఇంకోటి. మంచం మీద సూరమ్మ తన గొంతు తనే విని ఎడమ పక్క పెదవితో నవ్వేది. శారోన్ ఆ నీళ్లు తాగుతూ ఏడ్చేది. నిన్నటి బొండం మాత్రం "మాస్టారికి రాత్రంతా ఆయాసమే" అంది. శారోన్ తాగకుండానే గ్లాసు కింద పెట్టేసింది. ఏడు నెలల లెక్కలో తండ్రి చనిపోయిన వారం వచ్చేసింది.

"వీరబాబూ, ఇంక దింపొద్దు."

"అదేంటండీ అమ్మాయిగారూ! గెల తయారుగా ఉందండి."

"ముదరనీ."

"ఆయ్, అలాగేనండి," అని వీరబాబు మోకు భుజాన వేసుకుని పక్క దొడ్లోకి పోయాడు.

ఆ వారంలో ఏం జరిగిందో శారోన్‌కి తెలుసు, దేవుడికి తెలుసు. తండ్రిని ఐసు పెట్టెలో ఉంచి రెండు రోజులు తల్లి ఫోన్ చేస్తూనే ఉంది. "రామ్మా, నాన్న మొహం చూద్దువుగాని." ఆసుపత్రివాళ్లు సెలవివ్వలేదని చెప్పింది శారోన్. సెలవు ఎవరూ కాదనలేదు. అసలు అడిగితే కదా! ఆ మర్నాడే అక్కడ పౌరసత్వ ప్రమాణం. ఆ రోజు తప్పితే మళ్లీ ఎన్నాళ్లకో పిలుస్తారు. ఇక్కడ సమాధుల తోటలో తండ్రి పెట్టెని తాళ్లతో కిందకి దించే వేళకి, శారోన్ అక్కడ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, చెయ్యెత్తి ప్రమాణం చేసింది. తర్వాత ఫొటో కూడా దిగింది. ఆ ఫొటోలో బాగా నవ్వింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లంతా సిగ్గుతో కాలిపోతుంది.

ఆ ప్రమాణానికి ఫలం ఇప్పుడు తింటోంది. పుట్టిన ఇంటికి పరదేశి పాస్‌పోర్టు మీద, ముప్పై రోజుల టూరిస్టు వీసాతో వచ్చింది. ప్రయాణం ఎందుకు అన్నచోట 'విహారం' అని రాసింది. గడువు ఇంక తొమ్మిది రోజులే. తల్లికి తనే దిక్కు. తోబుట్టువులు లేరు.

అమలాపురంలో వీసాల పని చూసే అక్షయ అనే అమ్మాయి దారులన్నీ చెప్పింది. "వెనక్కెళ్లి వేరే వీసా మీద రావచ్చండి, నెలలు పట్టొచ్చు. అమ్మగారినే అక్కడికి తీసుకెళ్లొచ్చు, కానీ ముసలివాళ్లకి ఇవ్వడం బాగా అరుదండి. గడువు దాటినా గమ్మునుండిపోవడం అనేది దారే కాదండి, ఆ మాట మర్చిపోండి. ఇంక మిగిలింది జబ్బు కారణం చూపించి పొడిగింపు అడగడం. ఇంటికి విచారణకొస్తారు. ఆయన రాసేదాన్ని బట్టే ఉంటాదండి."

దరఖాస్తు పెట్టింది గానీ ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేదు. పక్కింటి పైడమ్మ ఎలాగో వాసన పట్టి, ఆదివారం గుడిలో లేచి నిలబడి "మా శారోనమ్మకి వీసా ఇబ్బందిగా ఉందంట, ప్రార్థన చెయ్యండి" అంది. ఆ ప్రాంతంలో వీసా అంటే వెళ్లడానికే. ఉండడానికి వీసా అడిగిన మనిషి ఆ ఊళ్లో పుట్టలేదు. సంఘం మొత్తం కన్నీళ్లతో మోకాళ్లూని, ఆమెని త్వరగా విమానం ఎక్కించమని దేవుణ్ని బతిమాలింది. కాదు, నేను పరాయి దేశపుదాన్ని, ఇక్కడుండడానికి కావాలి అని చెప్పడానికి శారోన్‌కి నోరు రాలేదు. అందరితోపాటు తనూ ఆమెన్ అంది.

మంగళవారం పదింటికి విచారణకి హెడ్ కానిస్టేబుల్ సూర్యనారాయణ వచ్చాడు. మంచి మనిషే. డాక్టరు కాగితాలు చూశాడు, మందులు చూశాడు, సూరమ్మకి నమస్కారం పెట్టాడు.

"పేషెంటుగారి మాట కూడా రాసుకోవాలండి."

"అమ్మకి మాట లేదండి."

"తెలుసండి. ఓ బొండం దింపించండి." ఆధార్ జిరాక్సు అడిగినంత మామూలుగా అడిగి, పెన్ను మూత తీశాడు.

"ఇప్పుడున్నవి... ఆ గెల వద్దండి."

"ఏ గెలైతే ఏంటమ్మా, ఆవిడ గొంతే కదా!"

శారోన్ ఇంకో మాట వెతుక్కునేలోపే పక్క దొడ్లోంచి వచ్చి వీరబాబు చెట్టెక్కేశాడు. పోలీసాయన వచ్చాడంటే ఆగే మనిషి కాదు పైడమ్మ, కరివేపాకు వంకతో వచ్చి వసారా మెట్టు మీద కూర్చుంది.

మొదటి బొండం మీద కత్తి పడింది.

"పెట్టెలో ఐసు సరిపోద్దా? రేపటిదాకా ఉంచండి బాబూ, పిల్ల వచ్చేస్తాది."

శారోన్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు. సూర్యనారాయణ గొంతు సవరించుకుని "ఇది కేసుకి సంబంధం లేదండి, ఇంకోటి" అన్నాడు.

రెండోది కొట్టాడు వీరబాబు.

"దాన్నేమీ అనకండమ్మా. వస్తానని ఏడ్చింది. నేనే రావద్దన్నాను."

"ఆయ్," అంది పైడమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని. "సూరమ్మక్క అందరితోనూ అదే చెప్పేదండి. అందుకే కదండీ మేం ఈ పిల్లని ఒక్క మాటనలేదు."

మూడు వారాలుగా ఎవరూ ఎందుకు నిలదీయలేదో శారోన్‌కి అప్పుడు తెలిసింది. తను ఆడిన అబద్ధానికి పైన తల్లి ఇంకో అబద్ధం కప్పి, మొగుడి శవం పక్కన నిలబడి ఊరందరికీ చెప్పుకుంది. సిగ్గు అంటే ఇన్నాళ్లూ తెలిసిందనుకుంది గానీ, తెలియలేదు.

సూర్యనారాయణ పెన్ను ఆపి బుర్ర గోక్కున్నాడు. "రావద్దన్నారని ఉంటే పైవాళ్లు ప్రశ్న వేస్తారండి. పర్లేదు, అప్పుడు వద్దన్నారు, ఇప్పుడు కావాలంటున్నారు అని రాసేస్తాను. సరిపోద్ది."

సరిపోయేదే. తల ఒక్కసారి ఊపితే చాలు, పరువూ నిలిచేది, కాగితమూ కదిలేది.

"అలా రాయకండి," అంది శారోన్. "అమ్మ అబద్ధం చెప్పింది. రమ్మనే చెప్పింది నాకు. నేనే రాలేదు. ఆ రోజు నేను ఐర్లండు పౌరసత్వం తీసుకుంటున్నాను. సెలవడగలేదు. పిన్నీ, మీరంతా ప్రార్థన చేసింది నేను వెళ్లడానికి, నాకు కావలసింది ఇక్కడుండడానికి. నేనిప్పుడు ఈ దేశం మనిషిని కాదు."

మంచం మీద సూరమ్మ ఎడమ చెయ్యి గాల్లో గబగబా ఊగింది, ఆపమన్నట్టు. పెదాలు వేగంగా కదిలాయి. చాలాసేపు ఏదో చెప్పింది, శబ్దం లేకుండా. వసారా చూరు మీదకి వంగిన చెట్టుకి ఆ వేళే కొత్త పూల పొత్తి విచ్చుకుంది. పూత పొడిపొడిగా దుప్పటి మీద రాలుతోంది.

"ఇది రాస్తే నాకు తెలీదండి ఏమవుద్దో," అన్నాడు సూర్యనారాయణ.

"రాయండి."

రాశాడు. చదివి వినిపించి సంతకం పెట్టించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ మెట్టు దగ్గర ఆగాడు. "తప్పు మనది కాదని రాయమన్నవాళ్లనే చూశానమ్మా ఇన్నేళ్లూ. నాదేనని రాయించుకున్నది మీరే. అదీ కింద రాశాను."

పైడమ్మ కరివేపాకు కొయ్యకుండానే వెళ్లిపోయింది. సాయంత్రానికి ఊరంతా పాకింది. ఆదివారం గుడిలో శారోన్ పక్కన చాప మీద చోటు ఖాళీగానే ఉండిపోయింది. తను తల వంచుకుని కూర్చుంది. ఎవరినీ తప్పుపట్టాలనిపించలేదు.

గడువుకి రెండు రోజుల ముందు ఉత్తర్వు వచ్చింది. ఆరు నెలలు ఉండొచ్చు. ఆ రాతే పనిచేసిందని సూర్యనారాయణ ఫోన్ చేసి చెప్పాడు. శారోన్ కాగితం తల్లికి చూపించింది. సూరమ్మ కాగితం వంక చూడలేదు, కూతురి వంకే చూసింది. ఆ చూపులో కోపముందో, జాలి ఉందో, రెండూ ఉన్నాయో శారోన్‌కి అంతుపట్టలేదు.

ఆ రాత్రే డబ్లిన్‌కి ఉద్యోగం మానేస్తున్నానని రాసేసింది. పొద్దున్న తల్లికి గంజి పట్టి, పైడమ్మ గుమ్మంలో నిలబడి "ఓ పూట చూడవా పిన్నీ" అని అడిగింది. పైడమ్మ మొహం చూడకుండానే చెప్పులేసుకుని వచ్చింది. శారోన్ అమలాపురం బస్సెక్కింది.

"ఆరు నెలలు వచ్చాయి కదండీ!" అంది అక్షయ. "మళ్లీ అప్పుడే దరఖాస్తు ఎందుకండీ?"

"ఇంకో నెల కావాలండి. ఏ దారైనా సరే."

"ఆ ఒక్క నెలలో ఏముందండీ?"

"అమ్మ నన్నేదో అంది," అంది శారోన్. "తిట్టిందో ఏమో. ఆ పూత బొండమయ్యాక దగ్గరుండి వినాలి."